ఇంకోసారి లేని కచేరీకి వెళ్లడం ఎలా: జపాన్ ఐడల్ గ్రూపు వీడ్కోలుకు ఒక అభిమాని సన్నాహం

'తైసెత్సునా ఒషిరసె' అంటే జపనీస్‌లో 'ముఖ్యమైన ప్రకటన' అని అర్థం. కొత్త ఆల్బమ్ వస్తుంటే ఈ శీర్షిక పెట్టరు. అందుకే ఐడల్ గ్రూపుల (పాటలూ డాన్సులతో అభిమానుల్ని కూడగట్టుకునే అమ్మాయిల లేదా అబ్బాయిల బృందాల) అభిమానులకు ఫోన్‌లో ఆ రెండు మాటలు కనపడగానే కాళ్లలో సత్తువ పోతుంది. తెరిచి చూస్తే భయపడిందే ఉంటుంది: గ్రూపు ముగుస్తోంది, చివరి కచేరీ ఫలానా రోజున, ఫలానా హాల్లో.

మామూలు కచేరీకి టికెట్ దొరక్కపోతే 'పోనీలే, ఇంకోసారి చూద్దాం' అనుకుంటాం. ఇక్కడ ఆ ఇంకోసారి లేదు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకైతే ఒక్క కాగితం తేడా వచ్చినా అంతే సంగతులు. కింద చెప్పే పనులన్నిటి వెనకా ఒకటే లెక్క ఉంది. స్టేజీ మీద లైట్లు వెలిగాక మీకు చూడటం తప్ప ఇంకో పని మిగలకూడదు.

ముందు ప్రకటన పూర్తిగా చదవండి

ఏడ్చేముందు చదవండి. ముగింపుల్లో తేడాలున్నాయి. 'సొత్సుగ్యో' అంటే చదువు పూర్తి చేసి బడి వదిలినట్టు ఒక సభ్యురాలు వెళ్లిపోవడం, గ్రూపు మాత్రం ఉంటుంది. 'కైసన్' అంటే గ్రూపే రద్దు. ఈ రెండూ కాకుండా నిరవధికంగా ఆపేయడం ఇంకోటి. 2015 మార్చి 3న టోక్యోలోని బుదోకాన్ హాల్లో బెర్రీజ్ కోబో గ్రూపు చేసింది అదే. 2017 జూన్ 12న సైతామా సూపర్ అరేనాలో క్యూట్ గ్రూపుది కైసన్. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, సొత్సుగ్యో అయితే మీ డబ్బూ సెలవులూ గ్రూపు తర్వాతి టూర్ కోసం కొంత దాచుకోవచ్చు. కైసన్ అయితే దేనికని దాచుకుంటారు?

అసలు వీడ్కోలు కచేరీ పెట్టడమే అదృష్టం అనుకోవాలి. అబ్బాయిల గ్రూపుల్లో స్మాప్ అంతటిది 2016 డిసెంబర్ 31తో విడిపోయింది. అభిమానులకు చివరి కచేరీ అన్నదే దక్కలేదు.

తర్వాత ఎంత టైమ్ ఉందో చూడండి. బిష్ గ్రూపు 2021 డిసెంబర్ 24న విడిపోతున్నామని చెప్పి, 2023 జూన్ 29న టోక్యో డోమ్‌లో ముగించింది. అంటే ఏడాదిన్నర. అదే మొమొఇరో క్లోవర్ జెడ్ గ్రూపు నుంచి అరియసు మొమొకా అనే సభ్యురాలు వెళ్లిపోయినప్పుడు 2018 జనవరి 15న ప్రకటన వచ్చింది, 21న మకుహరి మెస్సె హాల్లో ఆమె చివరి కచేరీ అయిపోయింది. మధ్యలో ఆరు రోజులు! ఆరు రోజుల్లో మనకి వీసా రావడం కష్టం. మీకు ఒషి అనే మనిషి ఉంటే (గ్రూపులో మీరు ప్రాణంగా అభిమానించే సభ్యురాలిని లేదా సభ్యుణ్ని 'ఒషి' అంటారు), ప్రకటన వచ్చినా రాకపోయినా పాస్‌పోర్ట్ గడువు ఎప్పుడూ చూసుకుంటూ ఉండండి.

టికెట్

ఎక్కువ శ్రమ ఇక్కడే, ఎక్కువమంది ఓడిపోయేదీ ఇక్కడే.

జపాన్‌లో ఇలాంటి కచేరీల టికెట్లను ముందొచ్చినవాళ్లకి ముందు అన్నట్టు అమ్మరు. లాటరీ వేస్తారు. మొదటి రౌండు ఫ్యాన్ క్లబ్ సభ్యులకి. ఆ తర్వాత ఈప్లస్, లాసన్ టికెట్, టికెట్ పియా లాంటి చోట్ల ఇంకొన్ని రౌండ్లు. అన్నీ అయ్యాక మిగిలితే మామూలు అమ్మకం. వీడ్కోలు కచేరీకి ఏమీ మిగలవనే అనుకోండి. ప్రతి రౌండుకీ దరఖాస్తు గడువు, ఫలితం వచ్చే రోజు, డబ్బు కట్టే గడువు వేరువేరుగా ఉంటాయి. గెలిచి కూడా డబ్బు కట్టే గడువు దాటిస్తే టికెట్ పోతుంది. పైగా ఇవన్నీ జపాన్ టైమ్. అక్కడ రాత్రి 11:59 అంటే మనకి 8:29. తొమ్మిదింటికి అన్నం తిని తీరిగ్గా కడదామనుకుంటే అయిపోయినట్టే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, రెండు పెట్టుకున్నా తప్పులేదు.

రెండో చిక్కు ఫోన్ నంబర్. చాలా టికెట్ సైట్లు జపాన్ నంబర్‌కి మెసేజ్ పంపి గానీ లోపలికి రానివ్వవు. టూరిస్టులు కొనే ఈసిమ్‌లలో ఎక్కువ వాటికి ఇంటర్నెట్ ఉంటుంది గానీ నంబర్ ఉండదు. కొన్ని గ్రూపులు విదేశీ అభిమానులకు విడిగా ఫ్యాన్ క్లబ్బూ, విడిగా టికెట్ సైటూ పెడతాయి. ముందు అది ఉందేమో వెతకండి. లేకపోతే మిగిలిన దారి మనిషి సాయం. జపాన్‌లో ఉన్న తోటి అభిమాని రెండు టికెట్లకి దరఖాస్తు చేసి, రెండోదానికి మీ పేరు పెట్టడం. పక్కపక్క సీట్లలో ఇలా కూర్చోవడాన్ని 'రెంబన్' అంటారు. అయితే చాలాచోట్ల ఇద్దరూ కలిసే గేటు దాటాలి. కాబట్టి ఆలస్యంగా వచ్చే అలవాటున్న మనిషితో రెంబన్ పెట్టుకోకండి, ఎంత మంచివాళ్లైనా సరే.

మీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. గేటు దగ్గర పేరు పోల్చి చూస్తే ఇది పెద్ద టెన్షన్. ఫ్యాన్ క్లబ్‌లో చేరేటప్పుడే సరిచేసుకుంటే తర్వాత బతిమాలే పని ఉండదు.

లాటరీ ఓడిపోయారా? బ్లాకులో కొనకండి. 2019 జూన్ 14 నుంచి జపాన్‌లో టికెట్లను అసలు ధరకన్నా ఎక్కువకి వ్యాపారంగా తిరిగి అమ్మడం నేరం. ఏడాది వరకు జైలు, 10 లక్షల యెన్‌ల వరకు జరిమానా, లేదా రెండూ. మీరు కొనేవాళ్లే కదా అనుకోవచ్చు. కానీ టికెట్ మీద ఇంకొకరి పేరుంటే గేటు దగ్గర ఆపేస్తారు. అంత దూరం వెళ్లి బయట నిలబడి గోడల్లోంచి వచ్చే శబ్దం వినడం ఎంత నరకమో ఊహించుకోండి. దానికి బదులు రెండిటి కోసం కాచుక్కూర్చోండి. ఒకటి, రాలేనివాళ్లు టికెట్‌ని అసలు ధరకే వదులుకునే అధికారిక రీసేల్. రెండోది, చివరి రోజుల్లో వదిలే సీట్లు. కెమెరాలూ స్పీకర్లూ ఎక్కడ పెట్టాలో తేలాక మిగిలిన సీట్లనీ, స్టేజీ పూర్తిగా కనపడని పక్క సీట్లనీ అప్పుడు అమ్ముతారు. ఆ పక్క సీట్లని మామూలు కచేరీకైతే నేను వద్దంటాను. వీడ్కోలుకి మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి. కొన్నిసార్లు సభ్యులు స్టేజీ దిగి లోపలికి వెళ్లే చివరి అడుగులు ఆ సీట్లోంచే కనపడతాయి.

ప్రయాణం

టికెట్ చేతికొచ్చాక విమానం బుక్ చేయండి. ముందే చేస్తే కనీసం రద్దు చేసుకునే వీలున్నది చూసుకోండి. జపాన్ వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను రిటర్నులు, ప్రయాణ వివరాలు అడుగుతారు. 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకి టూరిస్ట్ ఈ-వీసా ఇస్తున్నారు. అక్కడి ఎయిర్‌పోర్టులో దాన్ని ఫోన్‌లో ఇంటర్నెట్ ఆన్ చేసి చూపించాలి. స్క్రీన్‌షాట్ గానీ ప్రింట్ గానీ ఒప్పుకోరు. కాబట్టి దిగగానే నెట్ పనిచేసేలా చూసుకోండి.

కచేరీకి కనీసం రెండు రోజుల ముందు చేరండి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు సాధారణంగా ఢిల్లీలోనో బ్యాంకాక్‌లోనో సింగపూర్‌లోనో మారాలి, మారేచోట ఆలస్యమైతే మీ చేతిలో ఏమీ ఉండదు. అదే రాత్రి తిరుగు విమానం అసలే వద్దు. హోటల్ హాలుకి నడిచే దూరంలో ఉంటే మంచిది, ఎందుకంటే అర్ధరాత్రి దాటాక టోక్యోలో రైళ్లు ఉండవు. బుదోకాన్‌కి కుదన్‌షిత స్టేషన్, టోక్యో డోమ్‌కి సుయిదోబషి లేదా కొరకుయెన్, మకుహరి మెస్సెకి కైహిన్ మకుహరి. శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోండి: సూపులో, సాసులో చేప రసం కలిసే ఉంటుంది. ఇంటి తిండి మీద మనసు పడితే తూర్పు టోక్యోలో నిషి కసై వైపు వెళ్లండి. అక్కడ మనవాళ్లు చాలామంది ఉంటారు, ఇడ్లీ దోసెలు దొరుకుతాయి.

చేతిలో పెన్‌లైట్, నోట్లో పాట

ఐడల్ గ్రూపుల్లో సాధారణంగా ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఉంటుంది. మొమొఇరో క్లోవర్ జెడ్‌లో కనకోది ఎరుపు, షియొరిది పసుపు, అయకది గులాబీ, రెనిది ఊదా. మీ ఒషి పాడే వంతు వచ్చినప్పుడు పెన్‌లైట్‌లో (చేతిలో పట్టుకుని ఊపే లైటు కర్రలో) ఆ రంగు వెలిగిస్తారు. స్టేజీ మీంచి చూసేవాళ్లకి మీ ముఖం కనపడదు, ఆ రంగు కనపడుతుంది. రంగులు మారే పెన్‌లైట్‌లో బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఏ రంగు వస్తుందో ఇంట్లో లైట్లార్పి సాధన చేయండి. నవ్వకండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నీలం రావాల్సిన చోట ఆకుపచ్చ వచ్చింది, దాన్ని దిద్దుకునే తంటాలో తలవంచుకుని ఉండగానే నా ఒషి సోలో అయిపోయింది. అది మామూలు కచేరీ కాబట్టి సరిపోయింది. చాలా పెన్‌లైట్లకి సన్న పెన్సిల్ సెల్స్ మూడు పడతాయి. ఆ రోజు పొద్దున కొత్తవి వేయండి, ఇంకో మూడు జేబులో పెట్టుకోండి.

'కాల్' అంటే పాట మధ్యలో అభిమానులు కలిసి అరిచే మాటలు. పాట మొదట్లో 'టైగర్, ఫైర్, సైబర్, ఫైబర్' అంటూ సాగేదాన్ని మిక్స్ అంటారు. కొన్ని గ్రూపుల్లో అది లేకపోతే కచేరీ ఉప్పులేని పప్పు. కొన్నిచోట్ల వద్దని బోర్డే పెడతారు. ఆ గ్రూపు పాత కచేరీ వీడియోలు చూసి ఎక్కడ అరవాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో నేర్చుకోండి. రెండోదే ముఖ్యం. మెల్లని పాటలో, సభ్యులు మాట్లాడేటప్పుడు హాలంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. బెనిఫిట్ షోలో పేపర్లు ఎగరేస్తూ పెరిగిన మనకి ఇది కాస్త కష్టమే. జపాన్‌లోనూ ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1978 ఏప్రిల్ 4న క్యాండీస్ గ్రూపు అమ్మాయిలు ముగ్గురూ కొరకుయెన్ స్టేడియంలో వీడ్కోలు చెప్పిన రాత్రి దాదాపు 55 వేలమంది వచ్చారు, స్టేజీ మీదికి రంగు కాగితాల చుట్టలు వానలా విసిరారు. ఇప్పుడు ఏదీ విసరకూడదు. ఫొటోలూ వీడియోలూ తీయకూడదు, ప్రత్యేకంగా అనుమతించిన పాటకి తప్ప. పెన్‌లైట్ తలకన్నా బాగా పైకెత్తి వెనకవాళ్లకి అడ్డం పెట్టకూడదు. పెద్ద హాలైతే 8 రెట్లు పెంచి చూపే బైనాక్యులర్ కొనుక్కోండి. దాని డబ్బు దండగ కాదు.

ఉత్తరం రాసే ఉద్దేశం ఉంటే కచేరీ రోజుదాకా ఆగకండి. కైసన్ తర్వాత ఉత్తరాలు అందిస్తారన్న భరోసా ఉండదు. ఎప్పటిదాకా తీసుకుంటారో, హాల్లో డబ్బా పెడతారో లేదో చూసుకుని ముందే పోస్టు చేయండి. ఒక పేజీ చాలు. ఏ పాట మీ జీవితంలో ఏ రోజున పనికొచ్చిందో రాయండి. 'వెళ్లొద్దు' అని రాయకండి, ఆ నిర్ణయం ఆమెకీ తేలిగ్గా అయి ఉండదు.

ఆ రోజు

గ్రూపు పేరుతో చేసిన సామాన్ల అమ్మకం పొద్దున్నే మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కునే వీలుంటే కొనేయండి. లేకపోతే తువ్వాలు, పెన్‌లైట్, కచేరీ పుస్తకం, అంతవరకే పెట్టుకుని క్యూలో నిలబడండి. ఎవరి ఫొటో వస్తుందో తెలియకుండా కవర్లో మూసి అమ్మేవి కొంటే, బయట మైదానంలో వాటిని మార్చుకునేవాళ్లు ఉంటారు. మీ దగ్గరున్నవి పరిచి చూపిస్తే చాలు, భాష రాకపోయినా పని జరిగిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడి ఉక్కపోత విజయవాడని గుర్తుచేస్తుంది. గొడుగు, నీళ్లు, కాసిని ఓనిగిరి అన్నం ముద్దలు దగ్గరుంచుకోండి. పెట్టెలు పెట్టుకునే లాకర్లు మధ్యాహ్నానికే నిండిపోతాయి కాబట్టి బరువంతా హోటల్లోనే వదిలి రండి.

గేటు దగ్గర ఎవరైనా చిన్న కాగితం చేతిలో పెడితే పారేయకండి. అభిమానులు సొంతంగా చేసే ఏర్పాటు అది. ఎన్‌కోర్‌లో (కచేరీ అయ్యాక అభిమానులు మళ్లీ పిలిస్తే వచ్చి పాడేటప్పుడు) ఫలానా పాటకి హాలంతా ఫలానా రంగు వెలిగించాలనో, ఎన్‌కోర్ అని కాకుండా గ్రూపు పేరు పిలవాలనో ఉంటుంది. చదవడం రాకపోతే పక్కవాళ్లకి చూపించండి. ఆ రోజు అందరూ కాస్త మెత్తగానే ఉంటారు.

లోపల

ఇక్కడ చెప్పడానికి తక్కువే ఉంది. ఫోన్ ఆపేయండి. తువ్వాలు మెడలో వేసుకోండి, చెమటకీ కన్నీళ్లకీ అదే. చివరి పాట వచ్చేసరికి చేతులు నొప్పెడుతుంటాయి. అప్పుడు పెన్‌లైట్ దించి ఊరికే చూసినా ఎవరూ తప్పుపట్టరు.

పాట ఆగగానే కళ్లు తిప్పుకోకండి. 1980 అక్టోబర్ 5న బుదోకాన్‌లో గాయని యమగుచి మొమొయె తన వీడ్కోలు కచేరీలో చివరి పాట అయ్యాక చేతిలోని మైకుని స్టేజీ మీద పెట్టి వెనుదిరిగారు. పాటలు తెలియని తరానికి కూడా ఆ మైకు గుర్తుంది. అలాంటివి పాట అయిపోయాకే జరుగుతాయి. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు, ఎవరు చివరగా వెనక్కి తిరిగి చూశారు, ఇవి తర్వాత అమ్మే కచేరీ డిస్క్‌లో కెమెరా చూపించిన మేరకే వస్తాయి. మీ ఒషిని కెమెరా చూపించకపోవచ్చు.

పెద్ద హాళ్లలో చివర్లో ఫిరంగుల్లోంచి మెరుపు రిబ్బన్లు పేలుస్తారు. 'గిన్‌తే' అంటారు. వాటి మీద తేదీ, కొన్నిసార్లు సభ్యుల చేతిరాత అచ్చేసి ఉంటాయి. ముందు వరుసలవాళ్ల దగ్గర గుత్తులుగా పడతాయి, పైన కూర్చున్నవాళ్లకి ఒక్కటీ రాదు. మీకు మూడొస్తే రెండు పంచండి. మీకు రాకపోతే బయటికి వెళ్లేటప్పుడు మర్యాదగా అడగండి, ఇచ్చేవాళ్లు ఉంటారు. హాల్లోంచి ఒక్కో బ్లాకునీ పిలిచి పంపుతారు కాబట్టి తోసుకోకుండా కూర్చోండి. టోక్యో డోమ్ అయితే రిబ్బన్ గట్టిగా పట్టుకోండి. ఆ పైకప్పు నిలబడేది లోపలి గాలి ఒత్తిడితోనే, తలుపు తెరిచిన చోట గాలి మిమ్మల్ని బయటికి నెట్టేస్తుంది.

చిన్న గ్రూపు అయితే

ఐడల్ గ్రూపుల్లో ఎక్కువ వాటికి డోమ్ దాకా వెళ్లే రాత ఉండదు. షింజుకులోనో షిబుయాలోనో రెండు మూడు వందలమంది పట్టే లైవ్ హౌస్‌లో ముగిసిపోతాయి. నేను చూసిన వీడ్కోలు అలాంటిదే. గ్రూపు పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు. అక్కడ సీట్లుండవు, టికెట్ మీది నంబర్ల వరుసలో లోపలికి పిలుస్తారు. కాబట్టి జపనీస్‌లో అంకెలు వినడం నేర్చుకోండి. మీ నంబర్ పిలిచినప్పుడు అర్థం కాకపోతే ముందు వరుస పోతుంది. టికెట్ కాకుండా డ్రింక్ పేరుతో 600 యెన్‌లకి అటూ ఇటూగా తలుపు దగ్గర కట్టాలి, చిల్లర ఉంచుకోండి.

కచేరీ అయ్యాక 'చెకి' ఉంటుంది. ఒషి పక్కన నిలబడి ఒక ఇన్‌స్టంట్ ఫొటో, దాని మీద ఆమె సంతకం చేసే కాసేపు మాటలు. సాధారణంగా 1,000 నుంచి 2,000 యెన్‌ల మధ్య. ఆఖరి చెకి క్యూ గంటల తరబడి సాగుతుంది, మీ వంతు మాత్రం ఒక నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషానికి రెండు వాక్యాలు బట్టీ పట్టండి. 'హొంతొని ఒత్సుకరెసమా దెషిత' అంటే ఇన్నాళ్లూ మీరు పడ్డ శ్రమకి కృతజ్ఞతలు అన్నట్టు. 'అయెతె యొకత్త దెసు' అంటే మిమ్మల్ని కలవగలిగాను, సంతోషం అని. తర్వాత ఏం చేస్తారు, ఎక్కడుంటారు అని అడగకండి. ఏడుపొస్తే రానివ్వండి, ఆమెకి అలవాటే. నేను పట్టిన బట్టీ అంతా పోయింది. ఆమే 'ఇండియా నుంచి కదూ' అంది. నేను తల ఊపాను. అంతలో టైమ్ అయిపోయిందని పక్కనున్న స్టాఫ్ అబ్బాయి భుజం తట్టాడు.

వెళ్లడం కుదరకపోతే

నిజానికి మనలో ఎక్కువమందికి జరిగేది ఇదే. పెద్ద గ్రూపులు చాలావరకు ఆన్‌లైన్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. విదేశాల్లో చూడనిస్తారో లేదో, మన కార్డు పనిచేస్తుందో లేదో కొనేముందే చూసుకోండి. అక్కడ సాయంత్రం 6 అంటే మనకి మధ్యాహ్నం 2:30. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టండి, 'మీటింగ్‌లో ఉంటూ చూస్తాను' అనుకోకండి. హాల్లో ఉన్నట్టే గది చీకటి చేసి, పెన్‌లైట్ వెలిగించి చూడండి. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నా ఒక్కరోజే కదా.

ఇంటికి వచ్చాక

ఏ పాట తర్వాత ఏది పాడారో ఎవరో ఒకరు రాసి పెడతారు. మీరు రాయాల్సింది అది కాదు. మీ సీట్లోంచి మీకు మాత్రమే కనపడినవి, ఆ రాత్రే, హోటల్లో కూర్చుని రాసుకోండి. తెల్లారేసరికి సగం చెరిగిపోతాయి. రిబ్బన్‌ని మడతపెట్టకుండా చుట్ట చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి. చెకిని ఎండ తగలని చోట ఉంచండి, వెలుతురుకి రంగు పోతుంది.

పెన్‌లైట్‌ని బీరువాలో పెట్టేముందు సెల్స్ తీసేయండి. వాడకుండా ఉంచితే కారిపోయి లోపల తీగలు తినేస్తాయి. నాకు తీయబుద్ధి కాలేదు, అలాగే పెట్టాను. మొన్న తెరిచి చూస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి బూడిద. దూదికి నిమ్మరసం అద్ది తుడిచాను. నీలం ఇంకా వస్తోంది.